విడాకుల్లో ఆస్తి సగం సగం వస్తుందనుకున్నాను

పెళ్లయ్యాక కొన్నది ఏదైనా విడాకులప్పుడు చెరి సగం చేస్తారని నేను గట్టిగా నమ్మాను. నేనొక్కదాన్నే కాదు, మా వదిన, ఆఫీసులో వాళ్లు, చివరికి నాన్న కూడా అదే మాట అన్నారు. 2021 జనవరిలో పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేశాను. ఆగస్టులో ఆయన తరఫు నుంచి నోటీసు వచ్చింది, క్రూరత్వం కారణంగా చూపిస్తూ విడాకుల పిటిషన్ వేశారని. లాయర్ గారి దగ్గర కూర్చుని నేను అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, నా సగం ఎప్పుడొస్తుంది?" అని. ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఏ చట్టంలో ఉందమ్మా ఆ సగం?" అన్నారు.

నిజంగానే లేదు. మన 1955 హిందూ వివాహ చట్టంలో భార్యాభర్తల ఉమ్మడి సంపాదన అనే లెక్కే లేదు. సెక్షన్ 27 అని ఒకటుంది, అది పెళ్లి సమయంలోనో దానికి కాస్త ముందూ వెనకా వచ్చి ఇద్దరికీ కలిపి చెందే వస్తువుల గురించి మాత్రమే. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ వల్ల సగం సగం పద్ధతి ఉంది, మనకు లేదు. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇప్పించే వీలు కల్పిస్తూ 2010లో ఒక సవరణ బిల్లు పెట్టారట, 2013లో రాజ్యసభ పాస్ కూడా చేసింది, లోక్‌సభలో మాత్రం ముందుకు కదల్లేదు, 2014లో సభ రద్దవడంతో అదీ పోయింది. ఆ మాట విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్లు ఒక ఇంటిని నడిపిన మనిషికి ఆ ఇంట్లో ఏమీ లేదని చెప్పే చట్టం ఏం చట్టం అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

అయితే లాయర్ గారు అక్కడితో ఆపలేదు. "నీ పేరు మీద ఏముంది, నీ డబ్బు దేంట్లోకి వెళ్లింది, దానికి కాగితం ఏముంది, ఈ మూడూ రాసుకుని రా" అన్నారు. తర్వాత రెండేళ్లు నేను చేసిందంతా ఆ మూడు ప్రశ్నలకు జవాబులు వెతకడమే.

మాకున్న పెద్ద ఆస్తి ఫ్లాట్. 2013లో 46 లక్షలకు కొన్నాం, సేల్ డీడ్ ఇద్దరి పేరు మీదా ఉంది, ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం అందులో రాయలేదు. 34 లక్షలు హోమ్ లోన్, మిగతా 12 లక్షలు చేతి నుంచి. ఆ 12లో 9 లక్షలు నావి. పెళ్లప్పుడు నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఎకరం భూమి రిజిస్టర్ చేసి ఇచ్చారు, అది అమ్మి పెట్టాం. ఈఎంఐ ఆయన అకౌంట్ నుంచి పోయేది. మొదటి మూడేళ్లు నా జీతంలోంచి సగం ఆయన అకౌంట్‌కి పంపాను. తర్వాత పాప పుట్టింది, ఉద్యోగం మానేశాను, ఆ తర్వాత ఈఎంఐలన్నీ ఆయనే కట్టారు.

ఆయన లాయర్ కౌంటర్‌లో, అంటే మా మాటకు కోర్టులో ఇచ్చిన రాతపూర్వక జవాబులో ఏం రాశారంటే, ఫ్లాట్ మొత్తం ఆయన సంపాదనతోనే కొన్నారు, లోన్ ఎక్కువ రావడానికి నా పేరు ఊరికే కలిపారు, కాబట్టి నాకు వాటా లేదు అని. చదువుతుంటే చేతులు వణికాయి.

అప్పుడు మేడమ్ చూపించింది ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 45. ఇద్దరు కలిసి డబ్బు పెట్టి ఆస్తి కొంటే, ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటా వస్తుంది. ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే సమానం అని భావిస్తారు. అంటే దస్తావేజులో ఇద్దరి పేర్లు ఉండటం నాకు సగం దాకా మెట్టు వేసినట్టే, కానీ ఈఎంఐలన్నీ తనే కట్టానని ఆయన రుజువు చేస్తే ఆ మెట్టు కదులుతుంది. అందుకే నా డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందో నేను చూపించాలి.

చూపించడం అన్నంత తేలిక కాదది. భూమి అమ్మిన దస్తావేజు దొరికింది. ఆ డబ్బు నా అకౌంట్‌లో పడిన రోజు, అక్కడి నుంచి బిల్డర్‌కి చెక్కు వెళ్లిన రోజు, మధ్యలో పదకొండు రోజులు. ఎనిమిదేళ్ల కిందటి స్టేట్‌మెంట్ బ్యాంకు యాప్‌లో రాదు, బ్రాంచికి వెళ్లి అర్జీ పెట్టి, మూడుసార్లు తిరిగితే ఇచ్చారు. ఆ ఒక్క పేజీ, దాని మీద బ్యాంకు ముద్ర, మొత్తం కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

ఈఎంఐ సగం పంపిన లెక్కలో మాత్రం దెబ్బ తిన్నాను. ముప్ఫై ఆరు నెలలు పంపాను. అందులో ఇరవై రెండు ట్రాన్స్‌ఫర్లకు రిమార్క్స్‌లో 'హోమ్ లోన్' అని రాశాను, మిగతా పద్నాలుగు ఖాళీ. ఆ పద్నాలుగూ ఇంటి ఖర్చులకు పంపిన డబ్బులు, ఫ్లాట్‌కి సంబంధం లేదు అని అవతలి లాయర్ అన్నారు. అదే తేదీకి, అదే మొత్తం, ప్రతి నెలా వెళ్లింది కదా అని మేము వాదించాం. కానీ భర్తకి డబ్బు పంపుతూ ఆ చిన్న గడిలో ఏం రాస్తున్నానో ఎప్పుడైనా ఆలోచించానా? కొన్నిసార్లు తొందరలో ఏమీ రాయలేదు, అంతే. ఉద్యోగం చేస్తున్న ఆడపిల్లలకి ఇది నేను పదే పదే చెప్తున్నాను, ఎంత ప్రేమగా ఉన్నా సరే, ఇంటి లోన్‌కి పంపేటప్పుడు ఆ రెండు మాటలు రాయండి.

ఇక ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న ఏళ్లు. వాటికి ఏ స్టేట్‌మెంటూ లేదు. 2023లో మద్రాస్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, ఇల్లు చూసుకున్న భార్య శ్రమ కూడా భర్త ఆస్తి కొనడానికి తోడ్పడినట్టే, ఆమెకూ అందులో సమాన వాటా ఉంటుందని. మా కేసు మీడియేషన్‌లో, అంటే మధ్యవర్తి ముందు రాజీ చర్చల్లో ఉండగానే వచ్చింది. మేడమ్ దాని కాపీ పట్టుకొచ్చారు. అది వేరే రాష్ట్రం హైకోర్టు కాబట్టి మన కోర్టులు తప్పనిసరిగా పాటించాలని లేదు, అయినా మీడియేటర్ గారు ఆ పేజీలు శ్రద్ధగా చదవడం చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెల్లవారుజామున లేచి పాపకు పాలు పట్టి, క్యారేజీ కట్టి, అత్తగారి మందులు చూసుకున్న రోజులన్నీ ఎవరో మొదటిసారి లెక్కలోకి తీసుకున్నట్టు అనిపించింది.

మిగతా ఆస్తుల సంగతి త్వరగా తేలిపోయింది. అత్తగారి పేరు మీద ఉన్న ఇంటిపై పై అంతస్తు వేయడానికి మా డబ్బులే పంపాం, కానీ ఇల్లు ఆవిడ పేరు మీద ఉంది, దాని మీద నాకు ఏ హక్కూ రాదన్నారు. 2005 గృహహింస చట్టం కింద అక్కడ ఉండే హక్కు అడగొచ్చు, అది నివాసం వరకే, వాటా కాదు. వాళ్ల తాతల నాటి పొలంలో కూడా నాకేం లేదు, భర్త బతికుండగా ఆయన పిత్రార్జితంలో భార్య వాటా అడగలేదు. కానీ ఆ పొలం నిజంగా పిత్రార్జితమే అయితే మా పాపకు పుట్టుకతోనే హక్కు ఉంది, 2005 సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానమే. అందుకే రాజీ పత్రంలో పాప హక్కులు ఏవీ వదులుకోవడం లేదని ఒక వాక్యం పట్టుబట్టి రాయించారు మేడమ్. అవతలి వాళ్లకు ఆ వాక్యం నచ్చలేదు, రెండు వాయిదాలు దాని మీదే పోయాయి.

ఆయన పేరు మీద ఉన్న మ్యూచువల్ ఫండ్లు, షేర్లు వేరే కథ. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ అఫిడవిట్‌లో చెప్పాలని తప్పనిసరి చేసింది. నేను మధ్యంతర భరణం కోసం, అంటే కేసు తేలేదాకా ఇచ్చే భరణం కోసం, హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద పిటిషన్ వేశాను కాబట్టి ఇద్దరం అవి దాఖలు చేయాల్సి వచ్చింది. నాది నేను నాలుగు రోజులు కూర్చుని నింపాను, నా మెడలో గొలుసు దగ్గర్నుంచి పాప పేరు మీద పోస్టాఫీసు ఖాతా దాకా. ఆయన అఫిడవిట్‌లో ఫండ్ల ఊసే లేదు. ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు తెప్పించమని పిటిషన్ వేశాం, అందులో డివిడెండ్లు బయటపడ్డాయి. అవి బయటపడ్డాయి కదా అని నాకు సగం రాలేదు, ఆయన పేరు మీద ఉన్నవి ఆయనవే. కానీ భరణం ఎంత అన్నది తేల్చేటప్పుడు సెక్షన్ 25 కింద ఇద్దరి ఆదాయమూ ఆస్తీ చూస్తారు, అక్కడ అవి లెక్కలోకి వస్తాయి. పైగా దాచిన మనిషి మాట మీద జడ్జి గారికి నమ్మకం తగ్గుతుంది, ఆ తర్వాతి వాయిదా నుంచి వాళ్ల గొంతు మారింది.

బంగారం దగ్గర మాత్రం నేను చాలా బాధపడ్డాను, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పెళ్లిలో నాకు పెట్టినవి, తర్వాత పండగలకీ సీమంతానికీ వచ్చినవి కలిపి 38 తులాలు అని మా లెక్క. స్త్రీధనం పూర్తిగా భార్యదే, అది భర్త చేతిలోనో అత్తగారి బీరువాలోనో ఉంటే వాళ్లు కాపలాదారులు మాత్రమే, అడిగినప్పుడు ఇవ్వకపోతే నేరం అవుతుందని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అప్పుడు ఐపీసీ 406, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 316. చట్టం అంత స్పష్టంగా ఉంది. కానీ 38 తులాలు ఉన్నాయని ఎవరు చెప్పాలి? నేనే.

పెళ్లిలో వచ్చిన కానుకల జాబితా రాసి వధూవరులు సంతకాలు చేయాలని 1985 నాటి వరకట్న నిషేధ నిబంధనల్లో ఉందట. నాకు తెలిసిన ఏ పెళ్లిలోనూ ఎవరూ రాయలేదు. మాకు దొరికింది చదివింపుల పుస్తకం. మా బాబాయ్ పెళ్లి మండపం గుమ్మం దగ్గర కూర్చుని రాసిన ఎర్ర అట్ట పుస్తకం, నూటపదహార్ల మధ్యలో 'పెద్ద మామయ్య, గాజులు జత, 3 తులాలు' అని ఆయన గొలుసుకట్టు రాతలో ఉంది. అమ్మ దాచిన బంగారం షాపు బిల్లులు కొన్ని ఉన్నాయి. మిగతా వాటికి పెళ్లి ఆల్బమే. ఒక ఆదివారం అంతా నేనూ వదినా నేల మీద ఆల్బమ్ పరిచి కూర్చున్నాం. జీలకర్ర బెల్లం పెడుతున్న ఫోటోలో నా చెయ్యి పైకి లేచి ఉంది, వంకీ స్పష్టంగా కనిపిస్తోంది. వడ్డాణం మాత్రం ఏ ఫోటోలో చూసినా పైట చాటున సగమే. తలంబ్రాల ఫోటోలో కాసులపేరు బియ్యం గింజల మధ్య మెరుస్తోంది, నేను నవ్వుతున్నాను. వదిన ఆ పేజీ గబుక్కున తిప్పేసింది.

అన్నీ కలిపితే 27 తులాలకు ఆధారం చూపగలిగాం. మిగతా 11 తులాలు మాటలే, కోర్టులో అవి నీటిమూటలు.

నగలన్నీ జాయింట్ లాకర్‌లో ఉండేవి. నేనే అన్నీ తీసుకుపోయానని ఆయన అఫిడవిట్‌లో రాశారు. లాకర్ తెరిచిన ప్రతిసారీ బ్యాంకు రిజిస్టర్‌లో సంతకం, తేదీ, టైమ్ ఉంటాయి కదా, ఆ రిజిస్టర్ కావాలని అడిగితే బ్రాంచి వాళ్లు కోర్టు సమన్లు ఉంటేనే అన్నారు. సమన్లు వేయించాం, నాలుగు నెలలు పట్టింది. నేను ఇల్లు వదిలిన పదహారో రోజున, మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆయన సంతకం ఉంది. దానికి ముందు నా సంతకం దాదాపు ఏడాది కిందటిది. ఆ కాగితం వచ్చాక వాళ్లు మీడియేషన్‌కి ఒప్పుకున్నారు. కాసులపేరు ఆయన పేరు మీద గోల్డ్ లోన్‌లో తాకట్టులో ఉందని కూడా అప్పుడే తెలిసింది.

ఒక విషయం. నా తరఫున నాన్నే బంగారం కోసం కేసు పెడతానన్నారు, వయసు మీద పడిన మనిషి, ఆవేశంలో. మేడమ్ వద్దన్నారు, స్త్రీధనం నీది, అడగాల్సింది నువ్వే అని. తర్వాత 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి ఆమె స్త్రీధనం వెనక్కి అడగడానికి వీల్లేదని.

మీడియేషన్ ఐదు సిట్టింగులు జరిగింది. మొదటి సిట్టింగ్‌లో ఆయన ఇచ్చిన ఆఫర్, 12 లక్షలు. భూమి డబ్బు 9, దాని మీద ఏదో వడ్డీ వేసి 3. నేను అప్పిచ్చినట్టు, ఆయన తీర్చినట్టు. నాకు మాట రాలేదు. మీడియేటర్ గారు రిటైర్డ్ జడ్జి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఒక తెల్ల కాగితం తీసి ఆయన వైపు తిప్పి రాశారు. ఫ్లాట్ ఇప్పటి ధర 80 లక్షలు, ఇది ఇద్దరి వాల్యూయర్లూ దాదాపు ఒప్పుకున్న అంకె. లోన్ బాకీ 24. మిగిలింది 56. సగం 28. "ఆ అమ్మాయి డబ్బు మీకు అప్పుగా ఇవ్వలేదు బాబూ, గోడల్లోకి వెళ్లింది, గోడల విలువ పెరిగితే ఆమెదీ పెరగాలి" అన్నారు. ఆయన తలెత్తలేదు.

ఫ్లాట్ నేనే ఉంచుకుని ఆయనకు డబ్బు ఇద్దామని కూడా చూశాను, పాప అక్కడే పెరిగింది, స్కూలు దగ్గర. బ్యాంకుకి వెళ్లి అడిగితే నా ఒక్కదాని జీతానికి 24 లక్షల లోన్ మార్చడం కుదరదన్నారు. అక్కడి ఆఫీసర్ చెప్పిన మాట మాత్రం అందరూ తెలుసుకోవాల్సింది. కోర్టులో మీరిద్దరూ ఏం రాసుకున్నా బ్యాంకుకి సంబంధం లేదు, లోన్ కాగితాల మీద ఇద్దరి సంతకాలు ఉన్నంత కాలం ఇద్దరూ బాధ్యులే. అంటే ఫ్లాట్ ఆయనకు రాసిచ్చేసి నా పేరు లోన్‌లో వదిలేస్తే, రేపు ఆయన కట్టకపోతే నా సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతామా లేదా అని బ్యాంకులు చూసే అంకె, పోతుంది, నోటీసు నాకొస్తుంది. మా ఒప్పందం మొదటి డ్రాఫ్టులో ఈ విషయమే లేదు. చేర్పించాం.

చివరికి 26 లక్షలకు ఒప్పుకున్నాను. ఆ రెండు లక్షలు ఎందుకు వదిలావని నాన్న ఇప్పటికీ అడుగుతారు. పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంచమని దావా వేసి పోరాడితే, ముందు వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, తర్వాత పంపకం చేసే ఫైనల్ డిక్రీ, మధ్యలో అప్పీళ్లు, పాప కాలేజీకి వచ్చేసరికి కూడా తేలుతుందో లేదో. నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను కాబట్టి నాకు శాశ్వత భరణం వద్దన్నాను, పాపకు నెల నెలా వచ్చేది మాత్రం వేరుగా రాయించాం. ఆధారం ఉన్న 27 తులాలూ తిరిగి ఇవ్వాలి, తాకట్టులోని కాసులపేరు విడిపించి మరీ.

క్రూరత్వం పిటిషన్ పక్కన పెట్టి సెక్షన్ 13బి కింద ఇద్దరం కలిసి పరస్పర అంగీకార పిటిషన్ వేశాం. ఇందులో ఇద్దరం రెండుసార్లు కోర్టు ముందు అంగీకారం చెప్పాలి, వాటినే మొదటి మోషన్, రెండో మోషన్ అంటారు, మామూలుగా రెంటి మధ్యా ఆరు నెలలు ఆగాలి. మేము విడిగా ఉండి రెండేళ్లు దాటింది, అన్నీ తేల్చుకున్నాం కాబట్టి 2017 సుప్రీంకోర్టు తీర్పు చూపించి ఆ గడువు మినహాయించమని అడిగితే జడ్జి గారు ఒప్పుకున్నారు. మొదటి మోషన్ రోజు 10 లక్షల డీడీ, బంగారం ఇచ్చారు. కోర్టు హాలు బయట బెంచీ మీద వదిన చిన్న త్రాసు పెట్టి ఒక్కొక్కటీ తూచింది, ఎవరేమనుకున్నా పట్టించుకోలేదు.

మిగతా 16 లక్షల దగ్గర చిక్కు వచ్చింది. ఆయన కొత్త బ్యాంకులో తమ్ముణ్ణి కలుపుకుని లోన్ తీసుకుంటున్నారు, పాత లోన్ క్లోజ్ చేసి నాకు మిగతా డబ్బు ఇవ్వడానికి. ఆ బ్యాంకు ముందు నా రిలీజ్ డీడ్, అంటే ఫ్లాట్‌లో నా వాటా వదులుకుంటున్నట్టు రాసే దస్తావేజు కావాలంది. డబ్బు చేతికి రాకుండా నేను సంతకం పెట్టనన్నాను. రెండు వారాల టెన్షన్ తర్వాత అందరం ఒకే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కలవాలని తేలింది, బ్యాంకు మనిషి డీడీ పట్టుకుని వస్తాడు, నేను డీడీ మీద నా పేరు, అంకె చూసుకున్నాకే వేలిముద్ర.

డాక్యుమెంట్ రైటర్ హద్దులు చదివి వినిపించాడు. తూర్పు కారిడార్, పడమర ఖాళీ స్థలం, ఉత్తరం పక్క ఫ్లాట్, దక్షిణం ఖాళీ స్థలం. ఆ దక్షిణం వైపే మా బాల్కనీ, పాప మొదటి అడుగులు వేసింది అక్కడే. వెబ్ కెమెరా ముందు కూర్చోబెట్టి ఫోటో తీశారు, పది నిమిషాల్లో అయిపోయింది. ఆయన పెన్ను మూత పెట్టి ఇచ్చారు, నేను తీసుకున్నాను, ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకున్నాను. నా పీఎఫ్‌లో, ఎల్‌ఐసీలో, బ్యాంకు అకౌంట్లలో నామినీగా ఆయన పేరే ఉంది, అవన్నీ మార్చాను. పాత లోన్ క్లోజ్ అయిందన్న బ్యాంకు లెటర్ తెప్పించుకుని, రెండు నెలలాగి నా సిబిల్ రిపోర్టు తీసి చూసుకున్నాను, హోమ్ లోన్ దగ్గర 'క్లోజ్డ్' అని ఉంది. కొత్తగా నా ఒక్కదాని పేరు మీద లాకర్ తీసుకున్నాను. కాసులపేరుతో పాటు ఆ ఎర్ర అట్ట చదివింపుల పుస్తకం కూడా అందులోనే పెట్టాను.